మొదటి వెబ్ పేజీపై మొదటి మాట: ప్రారంభస్థాయి ఫ్రంట్ ఎండ్ ప్రాజెక్టులలో ఫీడ్‌బ్యాక్ స్వరూపం

వ్యాస సంగ్రహం

వెబ్ పేజీల రూపకల్పన నేర్చుకుంటున్నవారి తొలి ప్రాజెక్టులపై వచ్చే అభిప్రాయాలు చాలావరకు రెండు రూపాల్లో ఉంటాయి. ఒకటి అభిరుచి ప్రకటన, రెండవది సరిచేసిన కోడ్. మొదటిది అభ్యాసకులకు దారి చూపదు, రెండవది నడిచే అవసరమే లేకుండా చేస్తుంది. లోపాన్ని చూపడంతో ఆగక, దానిని కనుగొనే పరీక్షను అభ్యాసకుల చేతికి అందించడమే ఫీడ్‌బ్యాక్ ప్రధాన ప్రయోజనమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. విద్యాపరిశోధనలోని ముఖ్య నిర్ధారణలను, వెబ్ ప్రమాణాలను, తెలుగు లిపిలో రూపొందే పేజీల ప్రత్యేక సమస్యలను ఆధారంగా చేసుకొని, ఫీడ్‌బ్యాక్ ఇచ్చే, స్వీకరించే పద్ధతులను వివరిస్తుంది.

కీలక పదాలు: ఫీడ్‌బ్యాక్, ఫ్రంట్ ఎండ్, నిర్మాణాత్మక మూల్యాంకనం, యాక్సెసిబిలిటీ, తెలుగు లిపి, తోటివారి సమీక్ష.

1. ఉపోద్ఘాతం

వెబ్‌సైట్‌లో వాడుకరి కంటికి కనిపించే, చేతికి అందే భాగాన్ని ఫ్రంట్ ఎండ్ అంటారు. పేజీ నిర్మాణానికి హెచ్‌టీఎమ్‌ఎల్, రూపానికి సీఎస్‌ఎస్, కదలికకు జావాస్క్రిప్ట్ దీని మూడు ప్రధాన సాధనాలు. కంప్యూటర్ అప్లికేషన్స్ చదివే డిగ్రీ విద్యార్థులు, సొంతంగా నేర్చుకొనేవారు తొలి దశలో ఒక నివాళి పేజీ, ఒక దరఖాస్తు ఫారం, ఒక వస్తువును పరిచయం చేసే పేజీ, తమ గురించిన పేజీ వంటి చిన్న ప్రాజెక్టులు చేస్తారు. 2014లో ప్రారంభమైన ఫ్రీకోడ్‌క్యాంప్ వంటి ఉచిత పాఠ్యక్రమాలలో కూడా ఈ తరహా ప్రాజెక్టులే ఉన్నాయి.

ఈ ప్రాజెక్టులకు ఒక విశేషముంది. గణిత నిరూపణను సమీక్షించాలంటే గణితం తెలియాలి. వెబ్ పేజీని చూసి అభిప్రాయం చెప్పడానికి కళ్లు ఉంటే చాలనిపిస్తుంది. అందువల్ల మాట్లాడేవారు ఎక్కువవుతారు. ఆ మాటల్లో పనికివచ్చేవి ఏవో తేల్చుకొనే భారం మాత్రం అందరికంటే తక్కువ అనుభవం ఉన్న అభ్యాసకులపై పడుతుంది. "బాగుంది" అన్న మాటతో పని ఆగిపోతుంది, "బాగాలేదు" అన్న మాటతో ఒక్కోసారి మనిషే ఆగిపోతాడు. ఈ రెండు మాటలకూ మధ్య ఉండవలసిన విషయమేమిటన్నది ఇక్కడ చర్చనీయాంశం.

2. ఫీడ్‌బ్యాక్ గురించి పరిశోధనలు తేల్చినవి

ఉపాధ్యాయ విద్యలో ఫీడ్‌బ్యాక్‌ను 'ప్రతిపుష్టి' అని కూడా వ్యవహరిస్తారు. పుష్టినిచ్చేది అన్న అర్థం ఆ పదంలోనే ఉన్నప్పటికీ, అన్ని వ్యాఖ్యలూ పుష్టినివ్వవని పరిశోధనలు చెబుతున్నాయి. 1996లో అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డెనీసీ అంతకుముందు వెలువడిన అధ్యయనాలనుంచి 607 ప్రభావ పరిమాణాలను సేకరించి విశ్లేషించారు. సగటున ఫీడ్‌బ్యాక్ పనితీరును మెరుగుపరిచిందని తేలింది. అయితే మూడింట ఒక వంతుకు పైగా సందర్భాలలో ఫీడ్‌బ్యాక్ తరువాత పనితీరు తగ్గింది. వ్యాఖ్య పనిమీదనుంచి మనిషిమీదికి దృష్టిని మళ్లించే కొద్దీ దాని ప్రయోజనం తగ్గుతుందన్నది వారు ఇచ్చిన వివరణలో ముఖ్యాంశం.

2007లో జాన్ హాటీ, హెలెన్ టింపర్లీ ఫీడ్‌బ్యాక్ పనిచేసే స్థాయిలను నాలుగుగా విభజించారు. అవి పని, పని చేసే ప్రక్రియ, స్వీయనియంత్రణ, వ్యక్తి. చివరిదైన వ్యక్తిస్థాయి ప్రశంస అభ్యసనానికి అన్నింటికంటే తక్కువగా ఉపకరిస్తుందని వారు వివరించారు. "చాలా తెలివిగా చేశావు" అన్న మాట వినడానికి ఇంపుగా ఉంటుంది. తరువాతి పేజీలో ఏమి చేయాలో మాత్రం దానివల్ల తెలియదు.

ఈ వ్యాసానికి అన్నింటికంటే దగ్గరైనది 1989లో రాయ్స్ శాడ్లర్ చేసిన ప్రతిపాదన. అభ్యాసకులు మెరుగుపడాలంటే మూడు షరతులు నెరవేరాలని ఆయన అంటారు. చేరవలసిన ప్రమాణమేమిటో వారికి తెలియాలి. తమ పనిని ఆ ప్రమాణంతో పోల్చుకోగలగాలి. రెండింటి మధ్య ఉన్న దూరాన్ని తగ్గించే చర్య చేపట్టగలగాలి. గురువు మనసులో మాత్రమే ఉన్న ప్రమాణం విద్యార్థికి అక్కరకు రాదు. పోల్చి చూసే శక్తి గురువు దగ్గరే ఉండిపోతే, విద్యార్థి ప్రతి పేజీకీ గురువు తీర్పు కోసం ఎదురుచూడవలసి వస్తుంది. దీనికి కొనసాగింపుగా 2018లో డేవిడ్ కార్లెస్, డేవిడ్ బౌడ్ ఫీడ్‌బ్యాక్‌ను అర్థం చేసుకొని వినియోగించుకోవడాన్ని ఒక అక్షరాస్యతగా నిర్వచించారు. దాని విలువను గుర్తించడం, స్వయంగా నిర్ణయించగలగడం, భావోద్వేగాలను సంబాళించుకోవడం, చర్యకు పూనుకోవడం దాని అంగాలు. ఇవ్వడం ఎంత నేర్వవలసిన విద్యో స్వీకరించడమూ అంతే.

3. వెబ్ పేజీ: కనిపించేది, కనిపించనిది

వెబ్ పేజీ ముద్రిత పుటలా స్థిరమైన వస్తువు కాదు. విద్యార్థి తన ల్యాప్‌టాప్ తెరపై చూసిన పేజీ, సమీక్షకుడు తన ఫోన్‌లో చూసిన పేజీ, చూపులేని వాడుకరి స్క్రీన్ రీడర్ ద్వారా విన్న పేజీ ఒకే కోడ్‌నుంచి పుట్టిన మూడు వేర్వేరు అనుభవాలు. తెర వెడల్పునుబట్టి పేజీ తననుతాను మలచుకోవాలన్న రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ భావనను ఈథన్ మార్కాట్ 2010లో ప్రతిపాదించారు. అప్పటినుంచి ఒక్క తెరపై కుదిరిన అందం డిజైన్‌కు నిదర్శనంగా నిలవడం లేదు. కాబట్టి ఏ పరికరంపై, ఎంత వెడల్పులో, ఏ బ్రౌజర్‌లో చూశారో చెప్పని వ్యాఖ్య అసంపూర్ణమైనది.

కంటికి కనిపించని లోపాలు మరికొన్ని ఉన్నాయి. బటన్‌లా రంగు వేసిన సాధారణ డివ్ మౌస్‌తో నొక్కితే పనిచేస్తుంది. కీబోర్డుపై ట్యాబ్ మీట నొక్కుతూ వెళ్లేవారికి అది తగలనే తగలదు. చిత్రానికి ప్రత్యామ్నాయ పాఠం ఇవ్వకపోతే చూడగలిగినవారికి తేడా తెలియదు. ఫారంలో పెట్టె పేరును పెట్టె లోపలే లేత అక్షరాలతో చూపిస్తే, టైపు చేయడం మొదలుపెట్టగానే ఆ పేరు మాయమవుతుంది. పైపై చూపుతో చెప్పే అభిప్రాయం వీటిని పట్టుకోలేదు.

ఇవి ప్రారంభకుల అజ్ఞానంవల్ల మాత్రమే కలిగే లోపాలనుకోవడం సరికాదు. వెబ్‌ఎయిమ్ సంస్థ 2024లో పది లక్షల వెబ్‌సైట్ల ముఖపుటలను యాంత్రికంగా పరిశీలించినప్పుడు 95.9 శాతం పేజీలలో యాక్సెసిబిలిటీ లోపాలు బయటపడ్డాయి. నేపథ్యానికి, అక్షరాలకు మధ్య వర్ణభేదం చాలకపోవడం 81 శాతం పేజీలలో కనిపించింది. అనుభవజ్ఞులు నిర్మించిన పేజీల పరిస్థితే ఇలా ఉన్నప్పుడు, ప్రారంభకుల పేజీలో కనిపించిన లోపాన్ని వారి సామర్థ్యంపై తీర్పుగా మార్చడానికి ఆధారం లేదు. దానిని వృత్తిలో ఉన్నవారందరూ నిత్యం చేసుకోవలసిన పరీక్షగా పరిచయం చేయడమే ఉచితం.

4. అభిరుచి, పరీక్ష, నిర్ణయం

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నది లోకానుభవం. ఒకరికి నచ్చిన నీలం మరొకరికి నచ్చదు. వెబ్ డిజైన్ అంతా రుచిమీదే ఆధారపడదు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం రూపొందించిన వెబ్ కంటెంట్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్ ఇందుకు బహిరంగమైన కొలమానాన్ని ఇస్తున్నాయి. ప్రస్తుత 2.2 సంచిక 2023 అక్టోబరులో వెలువడింది. దాని 'ఏఏ' స్థాయి ప్రకారం సాధారణ పరిమాణంలోని అక్షరాలకు, నేపథ్యానికి మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1 చాలు. తెల్లని నేపథ్యంపై #999 అన్న బూడిదరంగు సుమారు 2.85:1 మాత్రమే ఇస్తుంది. #777 సుమారు 4.48:1తో అంచున ఆగిపోతుంది. #767676 సుమారు 4.54:1తో గట్టెక్కుతుంది. చివరి రెండు రంగుల తేడాను కన్ను దాదాపు గుర్తించలేదు, కొలత గుర్తిస్తుంది.

దీనినిబట్టి వ్యాఖ్యలను మూడు తరగతులుగా విభజించవచ్చు. మొదటిది పరీక్షకు నిలిచే వ్యాఖ్య. కాంట్రాస్ట్, కీబోర్డుతో కదలిక, 320 పిక్సెళ్ల వెడల్పులో అడ్డంగా జరపకుండా చదవగలగడం, అక్షరాలను 200 శాతానికి పెంచినా పాఠం నష్టపోకపోవడం ఈ కోవలోనివి. ఎవరు పరీక్షించినా ఒకే ఫలితం రావాలి. రెండవది కారణంతో వాదించదగిన వ్యాఖ్య. ఏ శీర్షిక ముందు కంటపడాలి, ఏ అంశాల మధ్య ఎంత ఖాళీ ఉండాలి, ఏది ఏ సమూహానికి చెందినట్టు కనిపించాలి వంటి ప్రశ్నలు దీనిలోకి వస్తాయి. ఇక్కడ సంఖ్య ఉండదు, పేజీ ప్రయోజనాన్ని ఆధారం చేసుకొన్న తర్కం ఉంటుంది. మూడవది కేవలం అభిరుచి. దానిని చెప్పడం తప్పు కాదు. అభిరుచిని అభిరుచిగా చెప్పకుండా నియమంలా చెప్పడమే తప్పు. మూడు తరగతులను కలగలిపి ఒకే స్వరంతో చెప్పినప్పుడు, చూపులేనివారికి అందని ఫారం, సమీక్షకుడికి నచ్చని ఊదారంగు ప్రారంభకులకు సమానమైన దోషాలుగా కనిపిస్తాయి.

5. ఉదాహరణ: తెలుగులో ఒక నివాళి పేజీ

ఒక డిగ్రీ విద్యార్థిని గిడుగు వేంకట రామమూర్తిపై నివాళి పేజీ తయారుచేసిందనుకుంటే, ఈ సూత్రాలు ఎలా వర్తిస్తాయో స్పష్టమవుతుంది. పేజీలో పెద్ద శీర్షిక, ఒక ఛాయాచిత్రం, 1863లో జననంనుంచి 1940లో మరణం వరకు మూడు నిలువు వరుసలలో కాలక్రమం, చివర 'మరింత చదవండి' అన్న బటన్ ఉన్నాయి. ఆమె ఇంగ్లీషు పేజీకోసం తయారైన సీఎస్‌ఎస్ నమూనాను తీసుకొని తెలుగు పాఠాన్ని అందులో నింపింది.

ఈ పేజీకి "రంగులు అంత బాగాలేవు", "ఫాంట్ మార్చు", "చాలా బాగుంది", "ఇంకా ప్రొఫెషనల్‌గా ఉండాలి" వంటి వ్యాఖ్యలు రావడం సహజం. అసలు సమస్యలు వీటికి వెలుపల ఉన్నాయి.

ఇంగ్లీషు శీర్షికకు సరిపోయేలా వరుసల ఎత్తును అక్షర పరిమాణానికి సమానంగా ఉంచారు. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద వత్తులు ఉంటాయి. 'వ్యావహారిక భాషోద్యమం' వంటి శీర్షిక రెండు వరుసలుగా విరిగినప్పుడు పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. బటన్‌కు నిర్ణీతమైన ఎత్తు ఇచ్చి, మించినది దాచిపెట్టమని సీఎస్‌ఎస్‌లో రాసినందువల్ల వత్తుల అడుగుభాగం తెగిపోయే ప్రమాదముంది. ఎన్నుకొన్న తెలుగు ఫాంటులో ఒకే మందం ఉంటే, ముద్దక్షరాలను బ్రౌజర్ కృత్రిమంగా తయారుచేస్తుంది. చిన్న పరిమాణంలో వాటి లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. వాలు అక్షరాల విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఇంగ్లీషులో శీర్షికలను ప్రత్యేకించే పెద్దబడి అక్షరాల ఆజ్ఞ తెలుగుపై ఏ ప్రభావమూ చూపదు, ఎందుకంటే తెలుగు లిపిలో ఆ భేదమే లేదు. ఆ నమూనాలో శీర్షికకు ప్రాముఖ్యం తెచ్చిన ఉపాయం ఇక్కడ నిశ్శబ్దంగా మాయమవుతుంది.

కంటికి కనిపించని లోపం మరొకటి. విజువల్ స్టూడియో కోడ్ వంటి ఎడిటర్లలో ఆశ్చర్యార్థకం టైపు చేసి ట్యాబ్ నొక్కితే పేజీ అస్థిపంజరం తయారుగా వస్తుంది. అందులో పేజీ భాష ఇంగ్లీషు అని ముందే ప్రకటితమై ఉంటుంది. చాలామంది ఆ వరుసను తాకరు. ఫలితంగా తెలుగు వ్యావహారిక భాషకోసం పోరాడిన వ్యక్తికి నివాళిగా, తెలుగులో రాసిన పేజీ తనను ఇంగ్లీషు పేజీగా ప్రకటించుకుంటుంది. స్క్రీన్ రీడర్లు ఉచ్చారణను నిర్ణయించడానికి ఆ ప్రకటనను ఆధారం చేసుకుంటాయి. పేజీ భాషను సరిగా ప్రకటించడం పైన పేర్కొన్న మార్గదర్శకాలలో కనీస స్థాయి అయిన 'ఏ'లోనే ఉంది. దిద్దుబాటుకు ఒక్క పదం మారిస్తే చాలు. ఆ పదం ఉందని తెలియాలంటే మాత్రం ఎవరో ఒకరు చూపాలి.

6. ఇచ్చే పద్ధతి

పై లోపాలను విద్యార్థినికి ఎలా చెప్పాలన్నది తరువాతి ప్రశ్న. ఉపయోగపడే వ్యాఖ్యలో నాలుగు అంగాలు ఉండాలి. ఏ పరిస్థితిలో చూశారు, ఏమి గమనించారు, దానివల్ల వాడుకరికి కలిగే పర్యవసానమేమిటి, దానిని విద్యార్థి స్వయంగా ఎలా పరీక్షించుకోవచ్చు అన్నవి ఆ నాలుగు. "కాలక్రమం సరిగా లేదు" అన్నదాని స్థానంలో ఇలా చెప్పవచ్చు: "ఫోన్ వెడల్పులో కాలక్రమం మూడవ వరుస తెర బయటికి పోయింది. 1940 దగ్గరి సమాచారం చదవాలంటే పక్కకు జరపాల్సి వస్తోంది. బ్రౌజర్‌లో వెడల్పును 320కి తగ్గించి, ఏ పెట్టె ముందుగా హద్దు దాటుతోందో చూడు." ఇందులో సరిచేసిన కోడ్ లేదు. లోపాన్ని మళ్లీ పుట్టించే మార్గం ఉంది. ఆ మార్గం తెలిసిన విద్యార్థిని తరువాతి పేజీని అప్పగించకముందే ఆ పరీక్షను తానే చేసుకోగలదు. శాడ్లర్ చెప్పిన రెండవ షరతు నెరవేరే స్థలం ఇదే.

సరిచేసిన కోడ్‌ను ఇవ్వకపోవడం విద్యార్థిని ఒంటరిగా వదిలేయడం అవుతుందన్న అభ్యంతరం సమంజసమైనదే. చేసి చూపడానికి బోధనలో స్థానముంది. డొనాల్డ్ షాన్ 1983లో వెలువరించిన 'ది రిఫ్లెక్టివ్ ప్రాక్టీషనర్' గ్రంథంలో వాస్తుశిల్ప విద్యాలయంలోని ఒక సమీక్షను విశ్లేషించారు. అందులో గురువు విద్యార్థిని గీతపై పల్చని కాగితం పరచి, దానిపై గీస్తూ, ప్రతి గీతకూ కారణాన్ని మాటల్లో చెబుతూ పోతాడు. ఆమె గీత కింద అలాగే ఉంటుంది. ఫ్రంట్ ఎండ్‌లో ఆ పల్చని కాగితానికి సమానమైనది బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్. అక్కడ వరుస ఎత్తును 1నుంచి 1.6కు మార్చి చూపితే పేజీ వెంటనే మారుతుంది. పేజీని మళ్లీ తెరిస్తే ఆ మార్పు పోయి విద్యార్థిని రాసిందే మిగులుతుంది. ఎందుకు మారిందో ఆమె చూసింది, మార్చవలసిన పని ఆమెకే మిగిలింది. ఇప్పుడు కృత్రిమ మేధా సాధనాలు అడిగిన క్షణంలో కోడ్‌ను రాసిస్తున్నందువల్ల ఈ తేడా మరింత ముఖ్యమవుతుంది. తయారైన జవాబు ఎక్కడైనా దొరుకుతుంది. ఆ జవాబు తన పేజీకి తగినదో కాదో తేల్చే వివేకాన్ని మాత్రం సాధన ద్వారానే సంపాదించుకోవాలి.

వ్యాఖ్యల సంఖ్య, క్రమం కూడా ముఖ్యం. ఇరవై లోపాల జాబితా అందుకొన్న ప్రారంభకులు తేలికైనవాటిని దిద్ది, కఠినమైనవాటిని వదిలేసే అవకాశముంది. ఒక విడతలో రెండు మూడు అంశాలకు పరిమితం కావడం మేలు. వాడుకరికి సమాచారమే అందకుండా చేసే లోపం మొదట, అందినా కష్టపెట్టే లోపం తరువాత, మెరుగులు చివర రావాలి. పై ఉదాహరణలో భాష ప్రకటన, తెర దాటిన కాలక్రమం, తెగిన బటన్ మొదటి విడతకు చాలు. కృత్రిమంగా మందమైన అక్షరాలు రెండవ విడతకు ఆగవచ్చు.

మెచ్చుకోలు విషయంలోనూ ఇదే నిర్దిష్టత అవసరం. "కాలక్రమంలో సంవత్సరాన్ని ముందు, సంఘటనను తరువాత ఉంచడంవల్ల వెతకడం తేలికయింది" అన్న వ్యాఖ్య విద్యార్థిని తెలియకుండా తీసుకొన్న మంచి నిర్ణయాన్ని తెలిసి తీసుకొనేలా చేస్తుంది. విమర్శకు ముందు మర్యాదకోసం చెప్పే పొగడ్త ఆ పని చేయదు. అలవాటైతే, పొగడ్త వినగానే తరువాత వచ్చే మాటకు భయపడడం మొదలవుతుంది.

7. స్వీకరించే పద్ధతి

ఫీడ్‌బ్యాక్ నాణ్యత సగం ప్రశ్నలోనే నిర్ణయమవుతుంది. "ఎలా ఉంది?" అని అడిగినవారికి "బాగుంది" అన్న జవాబు వస్తుంది. పేజీ ఎవరికోసం, దానితో వారు ఏమి చేయాలి, ఏ పరికరాలపై ఇప్పటికే చూశారు, ఎక్కడ సందేహముంది అన్న నాలుగు విషయాలను అభ్యాసకులు ముందుగా తెలపాలి. "పదవ తరగతి విద్యార్థులు ఫోన్‌లో చదవడానికి చేసిన పేజీ ఇది. కాలక్రమాన్ని పైనుంచి కిందికి పెట్టాలా, పక్కపక్కన పెట్టాలా తేల్చుకోలేకపోతున్నాను" అన్న ప్రశ్న సమీక్షకుల చూపును సరైన చోటికి తీసుకువెళ్తుంది.

వ్యాఖ్యలు అందిన తరువాత మొదటి పని సరిచేయడం కాదు, లోపాన్ని తన తెరపై మళ్లీ పుట్టించి చూడడం. లోపం కనబడకపోతే పరిస్థితి వివరాలు అడగాలి. కనబడితే దాని కారణాన్ని వెతకాలి. ఆపైన వ్యాఖ్యలను వెంటనే దిద్దవలసినవి, ప్రయత్నించి చూడవలసినవి, కారణం చెప్పి నిరాకరించవలసినవి అని వేరుచేసుకోవాలి. ఇద్దరు సమీక్షకులు పరస్పర విరుద్ధంగా చెప్పినప్పుడు వారిలో ఎవరు పెద్ద అన్నది ప్రమాణం కాదు. పేజీని వాడేవారికి ఏది ఉపకరిస్తుందన్న ప్రశ్నకు తిరిగి రావాలి. గిట్ వంటి సాధనంతో ప్రతి మార్పునూ, దాని కారణాన్నీ నమోదుచేస్తే, నచ్చని మార్పునుంచి వెనక్కి రావచ్చు. అంతకు మించి, నేర్చుకొన్న క్రమం ఒక దస్త్రంగా నిలుస్తుంది.

నిరాకరించే హక్కును ప్రత్యేకంగా ప్రస్తావించాలి. తరగతిలో అధ్యాపకుల మాటను కాదనడం విద్యార్థులకు సులభం కాదు. రంగు మార్చమన్న సూచన అభిరుచికి సంబంధించినదని తెలిసినా మార్కుల భయంతో మార్చేస్తారు. "ఇది నా అభిప్రాయం మాత్రమే, కారణముంటే నీ నిర్ణయాన్నే ఉంచు" అని అధ్యాపకులు స్పష్టంగా అనకపోతే ఆ హక్కు కాగితంమీదే మిగిలిపోతుంది. కారణంతో కాదనగలిగిన విద్యార్థి ప్రమాణాన్ని తనదిగా చేసుకొన్నట్టే లెక్క.

8. తరగతి గదిలో అమలు, పరిమితులు

అరవైమంది విద్యార్థులున్న తరగతిలో ఒక్కో పేజీకి పది నిమిషాలు కేటాయించినా పది గంటలు పడుతుంది. ఈ భారాన్ని పంచుకోవడానికి తోటివారి సమీక్ష ఒక మార్గం. ఫోన్ వెడల్పు, కీబోర్డు కదలిక, కాంట్రాస్ట్ కొలత, అక్షరాలను రెట్టింపు చేయడం, భాష ప్రకటన అన్న అయిదు పరీక్షలను విద్యార్థులు జంటలుగా ఒకరి పేజీని మరొకరు చేయగలరు. ఇతరుల పేజీలో లోపాన్ని వెతికిన కన్ను తన పేజీలోనూ వెతకడం నేర్చుకుంటుంది. అధ్యాపకుల సమయం అప్పుడు కొలతకు అందని రెండవ తరగతి ప్రశ్నలకు మిగులుతుంది.

మార్కులను వ్యాఖ్యలతో కలిపి ఇవ్వడంపైనా ఆలోచించాలి. రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పాఠశాల విద్యార్థుల అధ్యయనంలో, కేవలం వ్యాఖ్యలు అందుకొన్నవారి ఆసక్తి, పనితీరు మెరుగ్గా ఉన్నాయి. మార్కులు, వ్యాఖ్యలు కలిపి అందుకొన్నవారిలో ఆ ప్రయోజనం కనిపించలేదు. ఆ ఫలితాన్ని కళాశాల స్థాయికి యథాతథంగా వర్తింపజేయలేకపోయినా, వ్యాఖ్యలను ముందు ఇచ్చి, దిద్దిన పేజీకి తరువాత మార్కులు వేయడం ఆచరణలో కష్టమైన మార్పు కాదు.

పరీక్షల పద్ధతికీ హద్దులున్నాయి. లైట్‌హౌస్, యాక్స్, వేవ్ వంటి సాధనాలు చిత్రానికి ప్రత్యామ్నాయ పాఠం ఉందో లేదో చెబుతాయి. అక్కడ 'చిత్రం' అన్న ఒక్క మాటే ఉంటే అది అర్థవంతమో కాదో తేల్చలేవు. అన్ని పరీక్షలూ గట్టెక్కిన పేజీ నీరసంగా, గందరగోళంగా ఉండవచ్చు. పరీక్షలు కనీస హద్దును కాపాడతాయి. ఆ పైన ఔచిత్యాన్ని చర్చించడానికి మనుషులే కావాలి. అయితే కనీస హద్దు స్థిరపడిన తరువాత జరిగే ఆ చర్చ అభిరుచుల తగాదాగా దిగజారే అవకాశం తక్కువ.

ఈ కనీస హద్దుకు తరగతిని దాటిన ప్రాధాన్యముంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016 సమాచారం, సాంకేతికత అందరికీ అందుబాటులో ఉండాలని నిర్దేశించింది. నేటి విద్యార్థులు రేపు రూపొందించే పరీక్ష ఫలితాల పేజీ, ఆసుపత్రి దరఖాస్తు, పింఛను ఫారం ఎవరికి అందుతాయో, ఎవరిని బయట నిలబెడతాయో వారి తొలి ప్రాజెక్టులలో ఏర్పడిన అలవాట్లపై కొంత ఆధారపడి ఉంటుంది.

9. ముగింపు

ప్రారంభస్థాయి ఫ్రంట్ ఎండ్ ప్రాజెక్టుపై చెప్పే మాట ఆ ఒక్క పేజీని బాగుచేయడానికి మాత్రమే పరిమితమైతే, అధ్యాపకులే ఆ పేజీని రాసివ్వడం సులభం. విద్యార్థి తరువాత రాయబోయే పేజీలను తానే పరిశీలించుకోగలగడం అసలు లక్ష్యం. అందుకు పరీక్షించదగినదాన్ని అభిరుచినుంచి వేరుచేయాలి, లోపంతోపాటు దానిని కనుగొనే మార్గాన్ని చెప్పాలి, దిద్దే పనిని విద్యార్థికే వదలాలి, కారణంతో కాదనే స్వేచ్ఛను గౌరవించాలి. తెలుగులో పేజీలు రూపొందించేవారికి దీనితోపాటు మరో జాగ్రత్త అవసరం. ఇంగ్లీషు లిపికోసం తయారైన నమూనాలు వత్తులను, గుడులను ఎరగవు. ఆ సంగతి పేజీని చూసి చెప్పగలిగినవారు తెలుగు చదవగలిగినవారే కాబట్టి, ఈ విషయంలో తెలుగు అధ్యాపకులకు, కంప్యూటర్ అధ్యాపకులకు సమాన పాత్ర ఉంది. ఒకరు శీర్షికలో తెగిన వత్తును చూపితే, మరొకరు దానిని తెంచిన సీఎస్‌ఎస్ వరుసను చూపగలరు. ఆ రెండింటి సంబంధాన్ని ఒకసారి స్వయంగా కనుగొన్న విద్యార్థి, తరువాతి పేజీని ఎవరికీ చూపకముందే ఆ వత్తుకోసం తానే వెతుక్కుంటాడు.